జేమీటర్ రివ్యూ: 17 కాలమ్‌ల పక్కన మనం పెట్టుకునే 18వది

లోడ్ టెస్టింగ్ నా రోజువారీ పని, అంటే ఒక సైట్ మీదకి ఒకేసారి చాలామంది వస్తే అది తట్టుకుంటుందా అని ముందే చూడటం. హైదరాబాద్‌లో, మాదాపూర్ వైపు ఆఫీసు. లోడ్ టెస్టింగ్‌కి నేను వాడే ఉచిత టూల్ జేమీటర్, యూజర్ల బదులు అదే సైట్‌కి రిక్వెస్ట్‌లు పంపి టైమ్ కొలుస్తుంది. దాని మీద రాసేవాళ్లు చాలామందే ఉన్నారు, ఎలా ఇన్‌స్టాల్ చేయాలి, థ్రెడ్ గ్రూప్ అంటే ఏంటి, రికార్డింగ్ ఎలా పెట్టాలి, ఇవన్నీ వెతికితే దొరుకుతాయి, వాటి జోలికి నేను పోను. ఇందులో ఒకే ఒక్క సదుపాయం గురించి రాస్తున్నాను. సర్వర్ పంపిన రెస్పాన్స్‌లోంచి మనకి కావాల్సిన ముక్కని తీసి, రిజల్ట్ ఫైల్లో అదే రిక్వెస్ట్ లైన్ చివర రాయించుకోవడం. చాలామంది ఏళ్ల తరబడి జేమీటర్ వాడుతూ కూడా దీన్ని ముట్టుకోరు. నేనూ చాలాకాలం ముట్టుకోలేదు. దానివల్ల ఎంత నష్టపోయామో ముందు చెప్తాను.

రెండేళ్ల కిందట, సంక్రాంతికి ముందు, ఒక బస్ టికెట్ల బుకింగ్ సైట్‌ని టెస్ట్ చేస్తున్నాం. పండక్కి హైదరాబాద్ నుంచి కోస్తా జిల్లాలకి బస్సు దొరకడం ఎంత కష్టమో ఇక్కడ ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు, సైట్ మీద లోడ్ కూడా అలాగే ఉంటుంది. 200 థ్రెడ్లు, అంటే జేమీటర్ ఒకేసారి నడిపే 200 మంది నకిలీ యూజర్లు, గంటసేపు రన్. రిపోర్ట్ వచ్చింది. ఎర్రర్ శాతం సున్నా, సగటు బావుంది, 90 పర్సెంటైల్, అంటే నూటికి తొంభై రిక్వెస్ట్‌లు ఎంత టైమ్ లోపల పూర్తయ్యాయో ఆ అంకె, బావుంది. మా టీమ్‌లో కొత్తగా చేరిన అబ్బాయి "అక్కా, అన్నీ 200లే, మెయిల్ పెట్టేద్దామా?" అన్నాడు. పెట్టేయమన్నాను. మర్నాడు మధ్యాహ్నం డేటాబేస్ చూసుకునే ఆయన ఫోన్ చేసి, "మేడమ్, మీరు చేశామన్న బుకింగుల్లో చాలావాటికి సీటు నంబరే పడలేదండీ, మీవైపు అంతా పాస్ అని ఎలా వచ్చింది?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

జరిగింది ఏంటంటే, ఆ అప్లికేషన్ సీటు దొరికినా దొరక్కపోయినా హెచ్‌టీటీపీ కోడ్ 200నే, అంటే అంతా సరే అనే కోడ్‌నే, పంపిస్తుంది. అసలు సంగతి రెస్పాన్స్ బాడీలో, పేరు-విలువ జతలుగా రాసే జేసన్‌లో, స్టేటస్ అనే ఫీల్డ్‌లో ఉంటుంది. కన్ఫర్మ్ అయితే కన్ఫర్మ్డ్ అని, సీటు లాక్ దొరక్కపోతే పెండింగ్ అని. మేం కోడ్ ఒక్కటే చూశాం. ఇంకో విషయం ఉంది, అది నాకు ఇంకా ఎక్కువ బాధ కలిగించింది. పెండింగ్ అని వచ్చిన రెస్పాన్స్‌లు చాలా తొందరగా వచ్చేవి, ఎందుకంటే సర్వర్ వాటికి పేమెంట్ వైపు పోయే పనీ లేదు, టికెట్ తయారుచేసే పనీ లేదు, మధ్యలోనే ఆపేసి జవాబిచ్చేస్తుంది. అంటే పని చెడిపోయిన కొద్దీ మా సగటు టైమ్ మెరుగవుతూ వచ్చింది. మేం దాన్ని చూసి సంతోషపడ్డాం.

సరే, ఏ బుకింగులు చెడిపోయాయి, ఎన్నో నిమిషంలో మొదలైంది, ఎంత లోడ్ దగ్గర మొదలైంది అని వెతకడానికి రిజల్ట్ ఫైల్ తెరిచాను. జేమీటర్ కొత్త వెర్షన్లలో జేటీఎల్ అనే ఆ రిజల్ట్ ఫైల్‌కి, కామాలతో విడగొట్టే సీఎస్‌వీ రూపంలో, మామూలుగా 17 కాలమ్‌లు వస్తాయి: టైమ్‌స్టాంప్, ఎలాప్స్‌డ్, లేబుల్, రెస్పాన్స్ కోడ్, రెస్పాన్స్ మెసేజ్, థ్రెడ్ పేరు, డేటా టైప్, సక్సెస్, ఫెయిల్యూర్ మెసేజ్, వచ్చిన బైట్లు, పంపిన బైట్లు, గ్రూప్ థ్రెడ్లు, మొత్తం థ్రెడ్లు, యూఆర్‌ఎల్, లేటెన్సీ, ఐడిల్ టైమ్, కనెక్ట్. వీటిలో ఎక్కడా బుకింగ్ ఐడీ లేదు, స్టేటస్ లేదు. సర్వర్ ఏం చెప్పిందో ఒక్క అక్షరం లేదు, చెప్పడానికి ఎంతసేపు పట్టిందో మాత్రమే ఉంది. బైట్ల సంఖ్య చూసి, చిన్న రెస్పాన్స్‌లు పెండింగ్ అయి ఉంటాయని ఊహించుకోవడం తప్ప ఏమీ చేయలేకపోయాం. మళ్లీ టెస్ట్ డేటా అంతా సర్ది, రాత్రంతా కూర్చుని ఇంకోసారి రన్ చేశాం. ఈసారి 18వ కాలమ్‌తో.

దీన్ని పెట్టడం నిజంగా రెండు నిమిషాల పని. రిక్వెస్ట్ కింద ఒక జేసన్ ఎక్స్‌ట్రాక్టర్ పెట్టి, ఏ ఫీల్డ్ కావాలో దాని దారి ఇచ్చి, ఒక వేరియబుల్ పేరు ఇవ్వాలి. బాడీ జేసన్ కాకపోతే, ఒక నమూనా ఇస్తే దానికి సరిపోయే ముక్కని వెతికే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ ఎక్స్‌ట్రాక్టర్ ఉంది, బౌండరీ ఎక్స్‌ట్రాక్టర్ ఉంది, కుడి ఎడమ అంచులు ఇస్తే మధ్యలోది తీసిస్తుంది. ఇక్కడి దాకా అందరికీ తెలుసు, లాగిన్ టోకెన్ పట్టుకోవడానికి అందరూ ఇదే చేస్తారు. తెలియనిది దీని తర్వాతది. బిన్ ఫోల్డర్‌లో యూజర్ డాట్ ప్రాపర్టీస్ అని ఒక ఫైల్ ఉంటుంది. అందులో శాంపిల్_వేరియబుల్స్ అని, అన్నీ చిన్న ఇంగ్లిష్ అక్షరాలే, రెండు మాటల మధ్య అండర్‌స్కోర్, ఆ తర్వాత ఈక్వల్ గుర్తు, ఆపైన మన వేరియబుల్ పేర్లు కామాలతో. ఒక్క లైన్. జేమీటర్ మూసి మళ్లీ తెరవాలి. లేదా కమాండ్ లైన్‌లో రన్ చేసేటప్పుడు హైఫన్, పెద్ద జే, దాన్ని ఆనుకుని ఇదే లైన్ ఇస్తే సరిపోతుంది, ఫైల్ మార్చక్కర్లేదు. నేను రెండోదే వాడతాను, ఎందుకంటే ఒక్కో ప్రాజెక్ట్‌కి ఒక్కో లిస్ట్ ఉంటుంది.

అంతే. రన్ అయ్యాక ఫైల్ తెరిస్తే, 17 కాలమ్‌ల తర్వాత మన వేరియబుల్ పేరు డబుల్ కోట్స్‌లో హెడర్‌గా కనిపిస్తుంది, కింద ప్రతి లైన్‌లో దాని విలువ ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. ఎలాప్స్‌డ్ 412 మిల్లీసెకన్లు, కోడ్ 200, సక్సెస్ ట్రూ, చివర్లో పెండింగ్. ముందురోజు మేం పాస్ అని మెయిల్ పెట్టినదీ, డేటాబేస్‌లో సీటు లేకుండా ఉన్నదీ ఒకే లైన్‌లో కళ్ల ముందు ఉన్నాయి.

ఇది ఎందుకు కుదురుతుందో కూడా తెలుసుకోవాలి, లేకపోతే తర్వాత చెప్పబోయే ఇబ్బందులు అర్థం కావు. జేమీటర్‌లో ఒక రిక్వెస్ట్ చుట్టూ పనులు ఒక వరసలో జరుగుతాయి: ముందు ప్రీ ప్రాసెసర్లు, టైమర్లు, తర్వాత రిక్వెస్ట్, తర్వాత పోస్ట్ ప్రాసెసర్లు, తర్వాత అసెర్షన్లు, అంటే జవాబు సరైనదేనా అని చూసే నియమాలు, చిట్టచివర లిజనర్లు, అంటే ఫలితాలు రాసే, చూపించేవి. ఎక్స్‌ట్రాక్టర్ పోస్ట్ ప్రాసెసర్ కాబట్టి, ఫైల్లో లైన్ రాసే సమయానికి విలువ సిద్ధంగా ఉంటుంది. అందుకే ఏ రెస్పాన్స్‌లోంచి తీశామో దాని లైన్లోనే పడుతుంది, పక్క లైన్లోకి జారదు.

"అసెర్షన్ పెట్టుకుంటే సరిపోయేది కదా" అని చాలామంది అంటారు. పెట్టాలి, కాదనను, స్టేటస్ కన్ఫర్మ్డ్ కాకపోతే ఫెయిల్ చేయమని ఇప్పుడు ప్రతి స్క్రిప్ట్‌లోనూ పెడుతున్నాం. కానీ అసెర్షన్ పనిచేయాలంటే ఏది తప్పో నాకు ముందే తెలిసి ఉండాలి. నాకు తెలియని తప్పుని అది పట్టదు. పైగా అది పాస్, ఫెయిల్ అనే రెండు మాటలతో పని ముగిస్తుంది. ఏ బుకింగ్, ఏ సర్వర్, ఏ కారణం కోడ్ అనేవి ఉంటేనే నేను డెవలపర్ దగ్గరికి వెళ్లి "ఈ ఐడీ లాగ్‌లో చూడండి" అనగలను. ఐడీ లేకుండా "కొన్ని ఫెయిల్ అవుతున్నాయండీ" అంటే ఎవరూ లేచి రారు.

ఇప్పుడు ఇబ్బందులు. మొదటిది చాలా పెద్దది, చాలా మెల్లగా మోసం చేస్తుంది. జేమీటర్ వేరియబుల్ అనేది థ్రెడ్‌ది. ఒకసారి విలువ పడితే, ఎవరైనా మార్చేదాకా ఆ థ్రెడ్‌లో అలాగే ఉంటుంది, తర్వాతి రిక్వెస్ట్‌లోనూ ఉంటుంది, తర్వాతి లూప్‌లోనూ ఉంటుంది. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ ఎక్స్‌ట్రాక్టర్‌లో డిఫాల్ట్ విలువ ఖాళీగా వదిలేస్తే, మ్యాచ్ దొరకనప్పుడు అది వేరియబుల్‌ని అసలు ముట్టుకోదు. అంటే ఈసారి సర్వర్ ఎర్రర్ పేజీ పంపింది, బుకింగ్ ఐడీ లేనే లేదు, కానీ ఫైల్లో మాత్రం పోయినసారి ఐడీ నిక్షేపంగా కనిపిస్తుంది. మాకు ఇది ఎలా దొరికిందంటే, 17వ థ్రెడ్‌లో ఒకే బుకింగ్ ఐడీ వరసగా మూడు లైన్లలో ఉంది. మూడుసార్లు ఒకే టికెట్ ఎలా బుక్ అవుతుంది? మొదట అప్లికేషన్‌లో డూప్లికేట్ బగ్ ఉందనుకుని డెవలపర్‌కి బగ్ రిపోర్ట్ కూడా పెట్టాం. ఆయన అరపూట వెతికి "మా వైపు ఒక్కటే ఉందండీ" అన్నాక మా స్క్రిప్ట్ చూసుకున్నాం. అప్పటి నుంచి డిఫాల్ట్‌లో దొరకలేదు అని అర్థం వచ్చే ఒక మాట తప్పనిసరిగా పెడుతున్నాం. ఇంకా గట్టిగా కావాలంటే, ప్రతి లూప్ మొదట్లో చిన్న గ్రూవీ స్క్రిప్ట్‌తో ఆ వేరియబుల్‌ని తీసేయొచ్చు.

అదే కారణంగా, సెర్చ్, సీట్ బుక్, లాగౌట్ అని మూడు రిక్వెస్ట్‌లు ఉంటే, సీట్ బుక్‌లో పట్టిన ఐడీ లాగౌట్ లైన్లోనూ కనిపిస్తుంది. అది తప్పు కాదు, కానీ లెక్కపెట్టేటప్పుడు లేబుల్, అంటే రిక్వెస్ట్ పేరు, దాన్ని బట్టి వడకట్టకపోతే బుకింగులు రెట్టింపు అవుతాయి. కొన్ని రిక్వెస్ట్‌లని కలిపి ఒకటిగా కొలిచే ట్రాన్సాక్షన్ కంట్రోలర్ వాడితే దానికి కూడా వేరే లైన్ పడుతుంది, అందులోనూ ఇదే విలువ ఉంటుంది. ఆ కంట్రోలర్‌లో పేరెంట్ శాంపిల్ తయారుచేయమనే టిక్ పెట్టారో, సీఎస్‌వీలో పేరెంట్ లైన్ ఒక్కటే మిగులుతుంది, లోపలి రిక్వెస్ట్‌ల లైన్లు రావు. కాబట్టి ఆ టిక్ పెట్టే ముందు ఒకసారి ఆలోచించండి.

చిన్నవి ఇంకొన్ని. మ్యాచ్ నంబర్ దగ్గర 0 పెడితే దొరికిన వాటిలో ఏదో ఒకటి యాదృచ్ఛికంగా తీస్తుంది, మొదటిదే కావాలంటే 1 పెట్టాలి. జేసన్ ఎక్స్‌ట్రాక్టర్ ఒక్కదాంతోనే నాలుగు ఫీల్డులు తీయొచ్చు, పేర్ల మధ్య సెమీకోలన్లు పెట్టి, కానీ డిఫాల్ట్ విలువలు కూడా సరిగ్గా నాలుగే ఇవ్వాలి. వేరియబుల్ పేరులో ఖాళీలు వద్దు, అంకెతో మొదలుపెట్టొద్దు, ఎందుకంటే ఎక్స్ఎంఎల్‌లో సేవ్ చేసినప్పుడు ఆ పేరు అట్రిబ్యూట్ అయిపోతుంది. రెండుమూడు మెషిన్ల మీద పంచి రన్ చేసేవాళ్లకి ఒక మంచి మాట: ఈ లిస్ట్‌ని జేమీటర్ తనంతట తానే మిగతా మెషిన్లకి పంపిస్తుంది, అన్నిచోట్లా వెళ్లి ఫైల్ మార్చే బాధ లేదు.

బుకింగ్ స్టేటస్ కోసం మొదలుపెట్టాం కానీ, దీని అసలు రుచి తెలిసింది సర్వర్ టైమ్‌ని కూడా రాయించుకున్నాక. మా డెవలపర్‌ని అడిగి, అప్లికేషన్ లోపల ఒక్కో రిక్వెస్ట్‌కి ఎంతసేపు పట్టిందో రెస్పాన్స్ హెడర్‌లో పంపించమన్నాం. దీనికి సర్వర్-టైమింగ్ అని ప్రామాణికమైన హెడరే ఉంది. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ ఎక్స్‌ట్రాక్టర్‌లో ఎక్కడ వెతకాలి అనే చోట బాడీ బదులు రెస్పాన్స్ హెడర్స్ ఎంచుకుంటే ఆ అంకె వచ్చేస్తుంది. ఇప్పుడు ఒకే లైన్‌లో రెండు టైములు: జేమీటర్‌కి కనిపించినది, సర్వర్ తనకి పట్టిందని చెప్పినది. లోడ్ తక్కువ ఉన్నప్పుడు రెండూ దగ్గరదగ్గరగా ఉండేవి. థ్రెడ్లు పెంచుతూ పోయేసరికి సర్వర్ చెప్పేది అలాగే ఉండిపోయింది, జేమీటర్‌ది మాత్రం పెరుగుతూ పోయింది. సర్వర్ నాకు 80 మిల్లీసెకన్లే అంటుంది, యూజర్ రెండు సెకన్లు ఆగుతున్నాడు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. మధ్యలో ఆ టైమ్ అంతా ఎక్కడ పోతోంది?

క్యూలో. ఆ అప్లికేషన్‌ని నడిపే జావా సర్వర్ టామ్‌క్యాట్, ఏ మార్పూ చేయకపోతే ఒకేసారి గరిష్ఠంగా 200 థ్రెడ్లతో, ఇవి జేమీటర్‌వి కావు, సర్వర్ లోపల రిక్వెస్ట్‌లు చూసుకునేవి, పనిచేస్తుంది, మేం అప్పటికి అంతకన్నా చాలా ఎక్కువ మంది యూజర్లతో కొడుతున్నాం. థ్రెడ్ ఖాళీ లేకపోతే రిక్వెస్ట్ బయట వేచి ఉంటుంది. అప్లికేషన్ లోపలి గడియారం మాత్రం థ్రెడ్ దొరికాకే మొదలవుతుంది, కాబట్టి బయట నిలబడ్డ సమయం దానికి తెలియనే తెలియదు. ఆస్పత్రిలో టోకెన్ తీసుకుని గంటసేపు కూర్చున్నాక డాక్టర్ ఐదు నిమిషాల్లో చూసి పంపిస్తే, డాక్టర్ పుస్తకంలో ఐదు నిమిషాలే ఉంటాయి కదా, అదీ సంగతి. ఆ ఒక్క కాలమ్ లేకపోతే మేం డేటాబేస్ క్వెరీల మీద పడి వారం రోజులు కొట్టుకునేవాళ్లం. డెవలపర్లు "మా లాగ్‌లో అన్నీ 80, 90 మిల్లీసెకన్లే" అని వాదించేవాళ్లు, మేం "మాకు రెండు సెకన్లు" అని వాదించేవాళ్లం, ఏ రిక్వెస్ట్ గురించి ఎవరు మాట్లాడుతున్నారో కూడా తేలేది కాదు. రెండు అంకెలూ ఒకే లైన్‌లో చూశాక వాదన ఆగిపోయి అందరూ కలిసి క్యూ వైపు చూశారు.

ఇంకో ప్రాజెక్ట్‌లో ఏ సర్వర్ జవాబిచ్చిందో ఆ పేరు కూడా హెడర్‌లోంచి తీసి రాయించాం. నాలుగు సర్వర్లు, ఒక్క డొమైన్ పేరు, డొమైన్ పేరుని ఐపీ అడ్రస్‌గా మార్చే డీఎన్‌ఎస్‌తో లోడ్ పంచుకుంటాయని చెప్పారు. ఫైల్లో చూస్తే వేల లైన్లలో ఒక్క సర్వర్ పేరే. మిగతా మూడూ ఖాళీగా కూర్చున్నాయి. కారణం మా వైపే ఉంది: జావా ఒకసారి వెతికిన ఐపీ అడ్రస్‌ని దాచుకుని దాన్నే మళ్లీ మళ్లీ వాడుతుంది. జేమీటర్‌లో డీఎన్‌ఎస్ క్యాష్ మేనేజర్ అనే ఎలిమెంట్ పెట్టి, ప్రతి లూప్‌కి క్యాష్ తుడిచేయమని టిక్ పెట్టాక లోడ్ నాలుగింటికీ వెళ్లింది. ఆ కాలమ్ లేకపోయి ఉంటే నాలుగు సర్వర్లు కలిసి ఇంతే తట్టుకుంటాయి అని క్లయింట్‌కి రాసిచ్చేవాళ్లం, వాళ్లు ఇంకో నాలుగు కొనేవాళ్లు.

"ఇన్ని ఎక్స్‌ట్రాక్టర్లు ఎందుకు, రెస్పాన్స్ మొత్తం సేవ్ చేసుకుంటే పోలా" అనిపిస్తుంది. జేమీటర్‌లో అదీ ఉంది, కానీ రెస్పాన్స్ బాడీ సీఎస్‌వీలో రాదు, ఫైల్‌ని ఎక్స్ఎంఎల్‌లో సేవ్ చేయాలి. ఒక్కో రెస్పాన్స్ 20 కేబీ అనుకున్నా లక్ష రిక్వెస్ట్‌లకి రెండు జీబీ. అంత ఫైల్ రాస్తూ కూర్చుంటే లోడ్ పంపే మెషినే అలిసిపోతుంది, ఇక దాని టైములు నమ్మలేం. ఫెయిల్ అయిన వాటివి మాత్రమే సేవ్ చేయమనే ప్రాపర్టీ ఒకటుంది, అది మంచిది, నేను వాడతాను. రెస్పాన్స్‌లని ఒక్కోదాన్ని ఒక్కో ఫైల్‌గా రాసే లిజనర్ కూడా ఉంది, అందులోనూ ఫెయిల్ అయినవి మాత్రమే అనే టిక్ ఉంది, అది పెట్టకుండా పెద్ద రన్ చేస్తే ఫోల్డర్ తెరుచుకోవడమే కష్టం. ప్రతి రిక్వెస్ట్‌నీ దాని జవాబునీ స్క్రీన్ మీద చూపించే వ్యూ రిజల్ట్స్ ట్రీ తెరిచి పెట్టుకుని పెద్ద లోడ్ కొట్టేవాళ్లని ఇప్పటికీ చూస్తున్నాను, మెమరీ అయిపోయి జేమీటర్ మధ్యలో ఆగిపోవచ్చు. అది స్క్రిప్ట్ సరిచూసుకోవడానికి, అంతే.

బాగోలేనివి కూడా చెప్పాలి. ఈ సదుపాయం స్క్రీన్ మీద ఎక్కడా కనపడదు. లిజనర్‌లో కాన్ఫిగర్ అని నొక్కితే బోలెడు టిక్ బాక్సులు వస్తాయి, ఏ కాలమ్ కావాలో ఎంచుకోవడానికి, అందులో మన వేరియబుల్స్‌కి చోటే లేదు. ప్రాపర్టీ ఫైల్ చదివితే తప్ప ఇలాంటిది ఉందని తెలియదు. నేను అమీర్‌పేటలో కోర్సు చేసిన రోజుల్లో రికార్డింగ్, థ్రెడ్ గ్రూప్, కోరిలేషన్, లిజనర్లు అన్నీ చెప్పారు, ఇది చెప్పలేదు. చెప్పిన సార్‌ని తప్పుపట్టను, టూల్‌లో కనపడనిది ఎవరికి గుర్తుంటుంది.

రెండోది, హెచ్‌టీఎంఎల్ డ్యాష్‌బోర్డ్. రన్ అయ్యాక అందంగా గ్రాఫులతో వచ్చే ఆ రిపోర్ట్‌లో మన కాలమ్ కనిపించదు. కస్టమ్ గ్రాఫ్ అని ప్రాపర్టీలు రాసుకుంటే, అంకెల విలువలని టైమ్‌తో పాటు గీసి చూపిస్తుంది, సర్వర్ టైమ్‌కి అది పనికొస్తుంది. కానీ గ్రాఫ్ పేరు, క్లాస్ పేరు, రెండు అక్షాల పేర్లు, వేరియబుల్ పేరు, ఇవన్నీ పొడుగాటి ప్రాపర్టీ లైన్లుగా రాయాలి, ఒక్క అక్షరం తేడా వస్తే గ్రాఫ్ రాదు. స్టేటస్ లాంటి మాటలకి అది పనికిరాదు. ఇన్‌ఫ్లక్స్ డీబీ అనే డేటాబేస్‌కి పంపి గ్రఫానా అనే గ్రాఫుల టూల్‌లో చూసే వాళ్లకి కూడా ఇదే ఇబ్బంది, జేమీటర్‌తో వచ్చే బ్యాకెండ్ లిజనర్ మన వేరియబుల్స్‌ని పంపదు. కాబట్టి చివరికి ఫైల్ తీసుకుని మనమే విడిగా చూసుకోవాలి. చిన్న రన్‌కి ఎక్సెల్ చాలు, ఒక షీట్‌లో 10,48,576 వరసలు పడతాయి, పెద్ద రన్ అయితే దాటిపోతుంది, నేను పైథాన్‌లో పాండాస్‌తో చూస్తాను. స్టేటస్ వారీగా, నిమిషం వారీగా విడగొట్టి చూడటం పది లైన్ల పని.

ఇంకో మాట, ఇది టూల్ తప్పు కాదు, మనం జాగ్రత్తపడాల్సింది. ఏది పడితే అది కాలమ్‌లోకి ఎక్కించొద్దు. మా దగ్గర ఒకసారి రెస్పాన్స్‌లోంచి ప్యాసింజర్ ఫోన్ నంబర్ కూడా తీసి రాశారు, వెతకడానికి సులువుగా ఉంటుందని. ఆ ఫైల్ మెయిల్‌లో పదిమందికి వెళ్లింది. అదృష్టం కొద్దీ అది తయారుచేసిన టెస్ట్ డేటా. జేటీఎల్ ఫైల్‌ని ఎవరూ రహస్యంగా చూడరు, షేర్డ్ డ్రైవ్‌లో ఏళ్ల తరబడి పడి ఉంటుంది. 2023లో వ్యక్తిగత డేటా రక్షణకి మన దేశంలో చట్టం కూడా వచ్చింది. ఫోన్ నంబర్లు, లాగిన్ టోకెన్లు, ఆధార్ అంకెలు అందులో ఉండకూడదు. ఐడీ, స్టేటస్, కారణం కోడ్, సర్వర్ పేరు, సర్వర్ టైమ్, ఈ ఐదు దాటి నాకు ఇంతవరకూ అవసరం పడలేదు.

మిగతా టూల్స్‌తో పోల్చమని మా టీమ్‌లోనే అడుగుతుంటారు. కే6 నాకు ఇష్టం. జావాస్క్రిప్ట్‌లో రాసుకోవచ్చు, తేలిగ్గా ఉంటుంది, 2021 నుంచి గ్రఫానా వాళ్ల చేతిలో ఉంది. అందులో కౌంటర్, గేజ్, రేట్, ట్రెండ్ అని నాలుగు రకాల సొంత కొలతలు పెట్టుకోవచ్చు, సర్వర్ టైమ్‌ని ట్రెండ్‌లో పడేస్తే పర్సెంటైల్స్ తనే లెక్కేసి చివర్లో చూపిస్తుంది. ఆ విషయంలో జేమీటర్ కన్నా చాలా మెరుగు. కానీ ఆ కొలతలకి అంకెలే ఎక్కుతాయి. మాటలని ట్యాగ్‌గా పెట్టొచ్చు, స్టేటస్‌కి బావుంటుంది, బుకింగ్ ఐడీ లాంటి ఒక్కోసారి ఒక్కోటి ఉండే విలువని ట్యాగ్ చేస్తే మాత్రం మెమరీ మింగేస్తుంది. లోకస్ట్ పైథాన్ వాళ్లకి హాయి, కానీ దాని సీఎస్‌వీ ఫైళ్లలో మొత్తం మీద లెక్కలే ఉంటాయి, ఒక్కో రిక్వెస్ట్‌కి ఒక్కో లైన్ కావాలంటే ఈవెంట్ లిజనర్ మనమే రాసుకోవాలి. లోడ్ రన్నర్‌లో మన అంకెని పంపే ఫంక్షన్ ఉంది, గ్రాఫ్ కూడా వస్తుంది, లైసెన్స్ డబ్బులు ఎవరు కడతారన్నదే ప్రశ్న. ఒక్కో రిక్వెస్ట్‌కి ఒక్కో లైన్, దాని చివర సర్వర్ ఏం చెప్పిందో ఆ మాట, ఒక్క ప్రాపర్టీతో, పైసా ఖర్చు లేకుండా కావాలంటే నాకు జేమీటరే. 1998లో స్టెఫానో మజోక్కి అపాచీ జేసర్వ్ అనే జావా సర్వర్‌ని పరీక్షించుకోవడానికి రాసిన టూల్ ఇది, ఇన్నేళ్ల తర్వాత కూడా ఉచితంగా, సోర్స్‌తో సహా మన చేతిలో ఉంది.

ఐదుకి నాలుగు ఇస్తాను. ఒకటి తగ్గించింది స్క్రీన్ మీద టిక్ బాక్స్ లేనందుకూ, డ్యాష్‌బోర్డ్‌లో చూపించనందుకూ. ఖాళీ డిఫాల్ట్‌తో పాత విలువ మిగిలిపోయే సంగతికి ఇంకో అర తగ్గించాలనుకున్నాను కానీ, అది డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగానే రాసి ఉంది, మేమే చదవలేదు.

వాడి చూద్దాం అనుకునేవాళ్లకి, మా టీమ్‌లో ఇప్పుడు ఎలా చేస్తున్నామో చెప్తాను. పెద్ద రన్‌కి ముందు ఒక్క థ్రెడ్, ఐదు లూపులు, మూడో లూప్‌లో కావాలనే తప్పుడు బస్సు నంబర్ పంపిస్తాం. జేటీఎల్ తెరిచి చివరి కాలమ్ చూస్తాం. సీట్ బుక్ లైన్లలో నాలుగింట్లో నాలుగు వేరువేరు ఐడీలు, మూడోదాంట్లో దొరకలేదు అనే మాట ఉండాలి. మూడోదాంట్లో రెండోదాని ఐడీ కనిపించిందా, స్క్రిప్ట్ సరిచేసి మళ్లీ ఐదు లూపులు. మొన్న ఆ అబ్బాయే, అప్పట్లో మెయిల్ పెట్టేద్దామా అన్న అబ్బాయి, "అక్కా, మూడో లైన్ సరిగ్గానే ఉంది, 200 థ్రెడ్లు మొదలుపెట్టనా?" అని అడిగాడు. నేను వెళ్లి ఆ ఐదు లైన్లూ చూసి, మొదలుపెట్టు అన్నాను.